రసికులు రాని సీమలో జానకి పాట

మా పల్నాడు మీద శ్రీనాథుడి పేరుతో చెలామణి అయ్యే చాటుపద్యం ఒకటుంది. బళ్లో మా తెలుగు మాస్టారు దాన్ని రాగయుక్తంగా చదివి, మమ్మల్నందర్నీ ఓసారి చూసి, పడీ పడీ నవ్వేవాడు. రసికుడన్నవాడు ఈ సీమకి రాడట. ఎందుకంటే ఇక్కడ రంభ అయినా సరే కూచుని ఏకులు వడకాల్సిందే, రాజైనా నాగలి పట్టాల్సిందే, సాక్షాత్తూ మన్మథుడైనా జొన్నకూడే తినాలి. మగపిల్లలు కూడా నవ్వేవాళ్లు. నాకు మాత్రం రంభ దగ్గరే ఆగిపోయేది మనసు. ఏకులు వడికినంత మాత్రాన రంభకి వలపు లేకుండా పోతుందా? పొద్దస్తమానం వడికి, దీపాలవేళకి చేతులు కడుక్కున్న రంభ ఏం పాడుకుని ఉంటుంది? పద్యం కట్టిన పెద్దమనిషికి ఆ ఊసే లేదు. ఆయనకి కావలసింది తీరిగ్గా ఉన్న రంభ.

వెనకటి రంభల సంగతేమో గానీ 1970ల్లో, 80ల్లో నరసరావుపేట, గురజాల, మాచర్ల ఇళ్లల్లో బతికిన రంభలు ఏం పాడుకున్నారో నాకు తెలుసు. ఎస్. జానకి పాటలు పాడుకున్నారు. పైకి కాదు, లోపల్లోపల.

జానకి గారు అనాలి, నిజమే. కానీ మా ఇళ్లల్లో ఆమెని ఎవరూ గారు అని అనలేదు. లీల, జిక్కి, సుశీల, జానకి అని పక్కింటివాళ్లని పిలుచుకున్నట్టే పిలుచుకున్నాం. ఇక్కడా అలాగే రాస్తాను. శిష్ట్లా జానకి 1938 ఏప్రిల్ 23న రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టింది. 2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చి నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా చేసి, రేపల్లెని బాపట్ల జిల్లాలో కలిపేదాకా ఆమే మేమూ ఒకే గుంటూరు జిల్లా వాళ్లం. వాళ్లది కృష్ణ కాలవల కింద పచ్చటి డెల్టా. మాది నాపరాయి, జొన్న. సాగర్ కుడికాలవ నీళ్లొచ్చాక పత్తీ మిరపా. అయినా మా పిన్ని, అంటే మా అమ్మ ఆఖరి చెల్లెలు, రేడియోలో ఆ గొంతు రాగానే "మన జిల్లా పిల్లే" అనేది. జానకి మా పిన్నికన్నా ఇరవై రెండేళ్లు పెద్ద.

మా సీమలో పాట అంటే యుద్ధం పాట. కార్తీకమాసంలో కారంపూడిలో వీరుల తిరునాళ్లప్పుడు వీరవిద్యావంతులు పాడే కథ. మాలపల్లెల్లో తరతరాలుగా నిలిచిన ఆ గానాన్ని జీన్ రోగేర్ అనే అమెరికన్ పరిశోధకుడు రికార్డు చేసుకుని 1982లో పుస్తకంగా తెస్తే గానీ మన పండితుల్లో చాలామంది అటు చూడలేదు. ఆ పాటంటే నాకూ గర్వమే. నాయకురాలు నాగమ్మ లాంటి ఆడమనిషి ఇంకే సీమ కథలో ఉంది? కానీ అదే కథలో మాంచాల కూడా ఉంది. యుద్ధానికి పోతానంటున్న కొడుకుని ఎలాగైనా ఆపాలని తల్లి ఐతాంబ బాలచంద్రుణ్ణి పెళ్లాం దగ్గరికి పంపుతుంది. అప్పటిదాకా శ్యామాంగి ఇంట్లో గడిపిన మొగుడు ఆ రాత్రి మాంచాల గడప తొక్కుతాడు. ఆమె కత్తి చేతికిచ్చి సాగనంపుతుంది. వీరపత్ని అని మనం చప్పట్లు కొడతాం. ఆ రాత్రి గురించి మాంచాల తరఫున పాట లేదు. వలపూ సరసమూ శ్యామాంగి వాకిట్లో ఉంటాయి, కత్తీ పరువూ మాంచాల వాకిట్లో ఉంటాయి. ఈ పంపకం మా ఊళ్లల్లో ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సరసం అసలు లేదని కాదు. కలుపుతీతల్లో, నాట్లల్లో, మిరపకోతల్లో కూలికెళ్లే ఆడవాళ్లు పాడుకునే పాటలు ఎంత పచ్చిగా ఉంటాయో విన్నవాళ్లకి తెలుసు. అయితే మా ఇంటి ఆడవాళ్లు వాటిని గట్టు మీంచి వినటమే గానీ నోట పలకటం లేదు. చేలో వంగి పనిచేసే ఆడదానికి పరువు లేదనుకున్నారు కాబట్టి ఆమె ఏం పాడినా ఎవరూ పట్టించుకోలేదు. పరువున్న ఆడదానికి పాట లేదు. ఈ రెంటి మధ్యా ఖాళీలోకి వచ్చింది సినిమా పాట.

మైకు సెట్టు అనేది ఎంత విచిత్రమైన వస్తువో ఇప్పటివాళ్లకి చెప్పటం కష్టం. పెళ్లి అయినా, సమర్త అయినా, ఇంకో శుభకార్యం అయినా తెల్లారగట్ల వేపచెట్టుకి కట్టిన లౌడ్‌స్పీకర్ మొదలయ్యేది. ముందు భక్తిపాట ఒకటి, ఆ తర్వాత అన్నీ యుగళగీతాలే. 1978లో పదహారేళ్ల వయసు వచ్చింది. అందులో 'సిరిమల్లె పువ్వా' పాటని మా వీధిలో ఎన్ని సమర్త ఫంక్షన్లలో వేశారో లెక్కలేదు. వరుడి కోసం ఎదురుచూసే పిల్ల మనసులోని మాటంతా ఊరు ఊరంతా వినేది. మా తాతయ్య అరుగు మీద కూచుని, తల ఊపుతూ వినేవాడు. అదే పాట మా పిన్ని దొడ్లో బట్టలారేస్తూ కూనిరాగం తీసిందా, "ఏందే ఆ కూతలు? గొంతు లోపల పెట్టుకో" అని లోపల్నించి కేక. ఊరంతటికీ వినపడేట్టు పాడిన గొంతుకి లేని తప్పు దొడ్లో పాడుకున్న గొంతుకి ఎట్లా వచ్చింది? పన్నెండేళ్ల వయసులో నాకు తట్టిన ఈ ప్రశ్న చుట్టూనే తర్వాత నేను చదివిన స్త్రీవాదం అంతా తిరిగిందనిపిస్తుంది.

ఇక జానకి సంగతి. శాస్త్రీయ సంగీతం ఏళ్ల తరబడి కూచుని నేర్చుకున్న మనిషి కాదు. చిన్నప్పుడు కొంతకాలం సిరిసిల్లలో ఉన్నప్పుడు పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడి దగ్గర కొంత నేర్చుకుంది, మిగతాది వినికిడి. 1956లో ఆకాశవాణి పోటీలో రెండో బహుమతి. మద్రాసులో ఏవీఎం వారి దగ్గర కొలువు. 1957లో తమిళంలో విధియిన్ విళయాట్టు, అదే ఏడాది తెలుగులో పెండ్యాల సంగీతంలో ఎమ్.ఎల్.ఎ. అప్పటికి ఆమెకి పంతొమ్మిదేళ్లు. 1962లో కొంజుం సలంగై, తెలుగులో మురిపించే మువ్వలు. కారుకురిచ్చి అరుణాచలం నాదస్వరంతో పోటీపడి పాడిన 'నీలీల పాడెద దేవా' తో దక్షిణాదికంతటికీ ఆమె ఎవరో తెలిసింది. సన్నాయి ఎంత దూరం వెళితే గొంతూ అంత దూరం వెళ్లింది.

అయినా తెలుగులో 1960లు సుశీలవి. నాయిక అంటే సుశీల గొంతు. జానకికి పూజాఫలం లాంటి సినిమాల్లో మంచి పాటలు రాకపోలేదు గానీ, సంగీత దర్శకులకి ఆమె రెండో ఆలోచనగానే ఎక్కువగా ఉండేదనిపిస్తుంది. కన్నడం, మలయాళం ఆమెని మనకంటే ముందే సొంతం చేసుకున్నాయి. తమిళంలో 1976లో ఇళయరాజా అన్నక్కిళితో వచ్చాక కథ మారిపోయింది. 1977లో పదినారు వయదినిలె తమిళ పాటకి మొదటి జాతీయ అవార్డు. 1980లో మలయాళం ఓప్పోళ్. 1984లో మన సితార, 'వెన్నెల్లో గోదారి అందం'. 1992లో తేవర్ మగన్. మూడు భాషల్లో నాలుగు జాతీయ అవార్డులు.

ఈ తేదీల పక్కన ఆమె వయసు వేసి చూడండి. శ్రీదేవికి సిరిమల్లె పువ్వు పాట పాడినప్పుడు జానకికి నలభై ఏళ్లు. భానుప్రియకి సితారలో పాడినప్పుడు నలభై ఆరు. సినిమాల్లో నలభై దాటిన నటికి అమ్మ వేషమో వదిన వేషమో ఇచ్చి, వలపు ఊసెత్తనివ్వరు. కానీ తెరమీద పదహారేళ్ల పిల్ల మొదటిసారి సిగ్గుపడినప్పుడు ఆ సిగ్గు నలభై ఏళ్ల ఇల్లాలిది, ఒక బిడ్డ తల్లిది. ఆ పిల్ల కలవరం ఏమిటో, ఆశ ఏమిటో అంత విడమరిచి చెప్పగలిగింది అనుభవం ఉన్న గొంతు కాబట్టే. పదహారేళ్ల గొంతు అయితే అంత తెలిసి ఉండేది కాదు. మా వీధిలో ఆ పాట వింటూ పొయ్యి ముందు ఒక్క క్షణం గరిటె ఆపిన ఆడవాళ్లు కూడా ముప్పైల్లో నలభైల్లో ఉన్నవాళ్లే. కోరిక అనేది పదహారేళ్లకి మాత్రమే అనుమతించే లోకంలో, నలభై ఏళ్లది పదహారేళ్ల దాని చాటున దాక్కుని పాడింది, నలభై ఏళ్లవాళ్లు విన్నారు. మా అమ్మ కూడా.

ఈ పాటల్లో మాటలు ఎవరివి? వేటూరివి, ఆత్రేయవి, నారాయణరెడ్డివి. బాణీలు చక్రవర్తివి, రమేశ్ నాయుడివి, ఇళయరాజావి. ఆడదాని మనసంతా మగవాళ్లు రాసి, మగవాళ్లు కట్టిందే. 1990ల్లో మేమంతా సాహిత్య సభల్లో సినిమా పాటని చీల్చి చెండాడినప్పుడు మొదటి ఆరోపణ అదే. ఆడదాన్ని పువ్వుని చేశారు, వెన్నెలని చేశారు, ఎదురుచూపు తప్ప ఇంకో పని లేకుండా చేశారు. ఆ విమర్శలో ఇప్పటికీ ఒక్క మాట వెనక్కి తీసుకోను. అయితే జానకి పాటని కాగితం మీద కాకుండా చెవితో వింటే అక్కడ ఇంకొకటి ఉంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి. పల్లవి ముందు చిన్న నవ్వు. చరణం చివర గాలిలోకి వదిలేసిన నిట్టూర్పు. కవి రాత ప్రతిలో అవి ఉండవు. స్వరకర్త రాసిన నొటేషన్లోనూ ఉండవు. "ఇక్కడ కాస్త నవ్వమ్మా" అని సంగీత దర్శకుడు చెప్పి ఉండొచ్చు. ఏ నవ్వు, ఎంత నవ్వు, పెదవి దాటిందా దాటలేదా అనేది ఆమె తేల్చుకోవలసిందే. మగవాళ్ల పాటలో ఆ సందులన్నీ ఆమెవి. శ్రీవారికి ప్రేమలేఖ (1984) చూసినవాళ్లు 'మనసా తుళ్లిపడకే' ఒకసారి మళ్లీ వినాలి. మాటలు మనసుని వద్దు వద్దు అని బుజ్జగిస్తుంటాయి, గొంతు మాత్రం తుళ్లిపడుతూనే ఉంటుంది. ఆ సినిమాకి మూలం పొత్తూరి విజయలక్ష్మి నవల అని గుర్తు చేయటం బాగుంటుంది. ఊరూ పేరూ తెలియని మగవాడికి ఆడపిల్ల సరదాకి ఉత్తరం రాసే కథ. ఆ చిలిపితనం వెనక ఒక రచయిత్రి ఉంది, పాటలో తుళ్లింత వెనక ఒక గాయని ఉంది.

హిందీలో లతకి ఒక పని, ఆశాకి ఒక పని పంచిపెట్టారు. మంచిపిల్లకి ఒకరు, చెడ్డపిల్లకి ఒకరు. మనకీ అంతే. సుశీల ఇటు, ఎల్.ఆర్. ఈశ్వరి అటు. ఈశ్వరి ఎన్ని రకాల పాటలు పాడినా క్లబ్బు పాటల ముద్ర ఆమెని వదల్లేదు. జానకి మాత్రం ఆ గీతకి రెండువైపులా తిరిగింది. సప్తపదిలో పసివాడి గొంతుతో గోవుల పాట పాడిన మనిషే 1982లో మూన్రాం పిరైలో సిల్క్ స్మితకి పాడింది. అదే మనకి వసంత కోకిలగా వచ్చింది. ఒళ్లు కరిగే తాపం అంతా ఆ పాటలో ఉంది. కోరిక గురించి అంత దాపరికం లేని పాటలు తక్కువ.

ఇక్కడ కాస్త ఆగుతాను. ఆ పాట పాడినావిడ మన రేపల్లె వైపు మనిషి, ఆడినావిడ మన ఏలూరు వైపు మనిషి. ఒకే పాట, ఒకే తాపం. గొంతు ఇచ్చినామె అందరికీ జానకమ్మ అయింది. ఒళ్లు ఇచ్చినామెని చూడటానికి హాళ్ల ముందు బారులు తీరినవాళ్లే ఆమె పేరు ఇంట్లో పలకనివ్వలేదు. 1996లో మద్రాసులో స్మిత చనిపోయింది, ఆత్మహత్య అన్నారు. ఆమెకి నలభై ఏళ్లు కూడా నిండలేదు. శ్యామాంగి, మాంచాల ఇద్దరూ ఒక్క పాటలోనే ఉన్నారన్నమాట. ఒకరి గొంతు, ఒకరి శరీరం. కలిపి తీసుకుని, మర్యాద పంచేటప్పుడు మాత్రం విడదీశారు.

రికార్డింగుల్లోనూ వేదికల మీదా జానకిని చూసినవాళ్లందరూ చెప్పేది ఒక్కటే. బొమ్మలా నిలబడుతుంది. కాగితం పట్టుకున్న చెయ్యి కదలదు, నడుం కదలదు, మొహంలో ఏ భావమూ కనపడదు. గొంతు మాత్రం ఏడుస్తుంది, నవ్వుతుంది, అలుగుతుంది, పిలుస్తుంది. ఈ నిశ్చలత్వాన్ని అందరూ సాధన అంటారు. సాధనే. కానీ మన సమాజంలో అది ఒక కవచం కూడా. ఈ కోరిక నాది కాదు, పాటది అని ఆ నిలబడటం చెపుతుంది. నేను గొంతు మాత్రమే, ఒళ్లు మీరు చూడాల్సింది కాదు అంటుంది. ఆ హామీ ఉంది కాబట్టే మా తాతయ్య అరుగు మీద తల ఊపగలిగాడు. ఆ హామీ ఇవ్వగలిగింది కాబట్టే మా అందరి తరఫునా ఆమె అన్నీ పాడగలిగింది.

మా పిన్నికి ఆ కవచం దొరకలేదు.

1980 నుంచి మూడేళ్లపాటు పిన్ని ఒక మ్యూజిక్ పార్టీలో పాడింది. సినిమా హాలు దగ్గర అమ్మే పావలా పాటల పుస్తకాలు, రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై వేసే తెలుగు పాటలు, బెజవాడ రేడియో, ఇవే ఆమె గురుకులం. నాదస్వరం పాటని బ్యాండు మేళం క్లారినెట్ ఆయనతో సాధన చేసింది. తాతయ్య ఒప్పుకోవటానికి కారణం సంగీతాభిమానం కాదు, ఆ రెండేళ్లూ పత్తికి పురుగు పట్టి అప్పులు మీదపడటం. కచేరీకి ఇంత అని ఇచ్చేవాళ్లు. అమ్మమ్మ తోడు లేకుండా పిన్ని వ్యాను ఎక్కలేదు. పెళ్లిళ్లల్లో, వినాయకచవితి పందిళ్లల్లో, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో పాడింది. కొండ కింద ఆకాశాన్నంటే విద్యుత్ ప్రభలు, ప్రభ ముందు స్టేజీ, స్టేజీ ముందు కనుచూపు మేర జనం. నేను అమ్మ ఒళ్లో సగం నిద్రలో కూచుని చూశాను. పిన్ని నీలం చీర కట్టుకుని, మెడదాకా పవిట కప్పుకుని, అచ్చం జానకిలాగే కదలకుండా నిలబడింది. గొంతు లేచింది. ముందు నిశ్శబ్దం, తర్వాత ఈలలు. చీటీలు వచ్చాయి. ఫలానా వారు పది రూపాయలు చదివించారు, ఆ పాటే మళ్లీ పాడాలి, ఆ నవ్వు దగ్గర ఇంకాస్త పాడాలి.

జానకి పాడితే అది సినిమాలో పిల్ల కోరిక. పిన్ని పాడితే పిన్ని కోరిక. కవచం అంటే ఎదురుగా స్టూడియో అద్దం ఉండటం, మధ్యలో మూడొందల మైళ్ల దూరం ఉండటం, పాట మీద ఇంకొకరి మొహం ఉండటం. పది అడుగుల దూరంలో, లైటు కింద, ఫలానా వారి అమ్మాయిగా నిలబడ్డ మనిషికి ఎంత కదలకపోతే మాత్రం ఏం లాభం?

1983లో గురజాల వైపు సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో పాట పాడమన్నారు. ఒక త్యాగరాజ కీర్తన పాడింది. బాగుందన్నారు. లేచేముందు పెద్దాయన "ఇకమీదట ఈ స్టేజీలవీ ఉండవుగా?" అని తాతయ్యని అడిగాడు. పాడటం వస్తేనే పిల్ల నచ్చింది, పాడకపోతేనే పెళ్లి. తాతయ్య ఉండవన్నాడు. పిన్నిని ఎవరూ అడగలేదు.

దీని పక్కన పెట్టి చూడాల్సిన సంగతి జానకి వృత్తి జీవితంలో ఉంది. 1959లో ఆమె రామ్‌ప్రసాద్‌ని పెళ్లి చేసుకుంది. ఆయన భార్య పాటనే తన పనిగా చేసుకుని, 1997లో చనిపోయేదాకా రికార్డింగులకి ఆమె వెంట వెళ్లాడు. ఆయన మంచితనం గురించి అందరూ చెపుతారు, కాదనే పని లేదు. అయితే దీన్ని ఇంకోవైపునుంచి కూడా చూడాలి. ఒక్కరోజులో మూడు నాలుగు స్టూడియోలు తిరిగి, భాష రాని చోట కూడా ఆ మాండలికం పట్టుకుని పాడగలిగిన మనిషికి, నలభై ఏళ్లు ఆ పని చేయటానికి మెడలో తాళీ, పక్కన తాళి కట్టినవాడూ కావలసి వచ్చింది. తోడు అన్నది ప్రతిభకి సంబంధించిన విషయం కాదు. అది అదృష్టానికి సంబంధించింది. ఒకరికి రామ్‌ప్రసాద్ దొరికాడు. ఒకరికి లేచేముందు షరతు పెట్టే మామగారు దొరికాడు. ఆడవాళ్ల కళ ఇంత చిన్న చీటీ మీద ఆధారపడి ఉండటం గురించి కోపం రావటానికి జానకి గొప్పతనం అడ్డు రాకూడదు.

ఇక పాడటం కాకుండా బాణీ కట్టే సంగతి. 1989లో ఉషాకిరణ్ మూవీస్ మౌనపోరాటం తీసింది. మోహన్‌గాంధీ దర్శకుడు, యమున నాయిక. ఒరిస్సాలో జరిగిన నిజ కథ ఆధారం. ప్రేమించానని నమ్మించి, కడుపు చేసి, మొహం చాటేసిన ఉద్యోగస్థుడి మీద ఒక గిరిజన యువతి తన హక్కు కోసం నిలబడి పోరాడుతుంది. దీనికి సంగీతం ఎస్. జానకి. మూడు దశాబ్దాలకు పైగా ఆడపిల్లలు ప్రేమలో పడే పాటలు పాడిన మనిషికి సంగీత దర్శకురాలిగా దొరికిన సినిమా, ఆ ప్రేమ ఎలా మోసం చేస్తుందో చెప్పేది కావటం నాకెప్పుడూ యాదృచ్ఛికంగా అనిపించదు. ఆ సినిమా బాగా ఆడింది. పాటలు మా ఊళ్లల్లో మోగాయి. జానకి సంగీత దర్శకత్వం అంటే జనానికి గుర్తొచ్చేది మాత్రం ఆ ఒక్క సినిమానే. భానుమతి చక్రపాణికి (1954) సంగీతం చేసింది, అప్పటికే ఆమె చేతిలో సొంత స్టూడియో ఉంది. సావిత్రి 1968లో చిన్నారి పాపలు తీసినప్పుడు పి. లీలకి సంగీతం అప్పగించింది, అదీ ఒక ఆడమనిషి పిలిస్తేనే. హార్మోనియం ముందు కుర్చీ మగవాడిది. మైకు ముందు నిలబడే చోటు ఆడదానిది. పాడే గొంతుకి ఎన్ని పొగడ్తలైనా ఇస్తారు, కుర్చీ మాత్రం ఇవ్వరు.

2013లో పద్మభూషణ్ ప్రకటిస్తే జానకి వద్దంది. ఆలస్యంగా ఇచ్చారంది, దక్షిణాది కళాకారులకి తగిన గుర్తింపు లేదంది, ఇస్తే భారతరత్న ఇవ్వమంది. డెబ్బై అయిదేళ్లు నిండబోతున్న ఆడమనిషి తన పనికి తానే వెల కట్టి, మీరిచ్చింది సరిపోదు అని చెప్పటం చాలామందికి మింగుడు పడలేదు. "ఇంత అహమా?" అన్నారు. నాతో పనిచేసే ఒక అధ్యాపకుడైతే "ఆ గొంతులో ఉన్న వినయం మనిషిలో లేదు" అన్నాడు. వినయం పాటలో పిల్లది, నాయనా. అది పాడినామె ఉద్యోగం. యాభై అయిదేళ్లు బొమ్మలా నిలబడ్డ మనిషి ఒక్కసారి కదిలితే ఎంతమంది ఉలిక్కిపడ్డారో చూడండి. నాకు ఆమె పాడిన అన్ని పాటల్లోకీ ఆ కాదనటం ఇష్టం. 2016లో ఇక పాడనని చెప్పి, 2017 అక్టోబరులో మైసూరులో వీడ్కోలు కచేరీ చేసింది. ఎప్పుడు ఆపాలో కూడా తనే చెప్పింది.

మా పిన్నికి ఆపేది ఎప్పుడో వేరేవాళ్లు చెప్పారు. గురజాల దగ్గర ఆ ఇంట్లో ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసింది. ఇద్దరు పిల్లలు. మిరపకాయల కళ్లంలో కూలీలకి అన్నం వండి పంపటం, పాడి, పచ్చళ్లు. ఆమె పాడగా ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. నేను ఒకసారి సంక్రాంతికి వెళ్లినప్పుడు మాత్రం విన్నాను. గారెలకి గ్రైండర్లో పప్పు వేసి, రాయి తిరగటం మొదలవగానే పాట అందుకుంది. చప్పుడులో గొంతు వరండాలోకి రాదు. గ్రైండర్ ఆగితే పాట ఆగేది. "రోజూ గారెలేనా పిన్నీ?" అంటే "వారానికి రెండుసార్లన్నా రుబ్బుతా. ఒంటికి పడకపోయినా" అని నవ్వింది.

బాబాయి కోవిడ్‌లో, 2021లో పోయాడు. పిల్లలు హైదరాబాదు రమ్మన్నా వెళ్లకుండా నరసరావుపేటలో చిన్న వాటా తీసుకుంది. మనవరాలు ఫోన్లో స్మ్యూల్ పెట్టి ఇచ్చింది. అందులో ఎవరో ముక్కూమొహం తెలియని మగాయన యుగళగీతంలో తన సగం పాడి వదిలేస్తాడు, ఇంకెవరో ఆడమనిషి మిగతా సగం పాడి కలుపుతుంది. అరవై అయిదేళ్ల మా పిన్ని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తలుపు వేసుకుని, రాత్రి తొమ్మిదింటికి కూచుంటుంది. మొహం పెట్టలేదు. తన పేరూ పెట్టలేదు. ఒక మందారం బొమ్మ పెట్టుకుంది. మూడొందల పాటలు దాటాయట, అన్నీ జానకివే. మొన్న మాచర్ల ఆయన ఎవరో కలిపి పాడి, గొంతు ఎక్కడో విన్నట్టుందమ్మా అని రాస్తే వెంటనే ఆ పాట తీసేసింది. "ఊరి మనుషులొద్దే. గొంతు గుర్తుపడతారు."

నిన్న రాత్రి నాకు ఫోన్ చేసింది. మస్కట్‌లో డ్రైవరుగా పనిచేసే అబ్బాయి సాగర సంగమం యుగళగీతంలో తన సగం పాడి పెట్టాడట. చాలా బాగా పాడాడు, బాలు లాగా సాగదీయకుండా అంది. తను నాలుగుసార్లు పాడి నాలుగుసార్లు చెరిపేసిందట.

"ఎందుకు పిన్నీ?"

"రెండో చరణం చివర ఆమె ఒక ఊపిరి వదుల్తుందే. అది సరిగ్గా పడట్లా. పొద్దున గొంతు బాగుంటుంది, మళ్లీ చూస్తా."